గొంతు లేని గడి

కిందటి వారం గ్రేస్‌ను ఆరిపోయిన ఫోన్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె మనసు ఇంకా అక్కడే ఉంది. కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ఆమె దగ్గరికి వెళదాం.

గ్రేస్‌కు పుట్టినప్పటి నుంచీ చెవులు వినబడవు, మాట రాదు. నాచారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పని. ఉప్పల్ చిలుకానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. భర్త ఆరోన్‌కు మాటా చెవులూ ఉండేవి. ఆమె సైగలు నేర్చుకుని, తన సైగలు కొన్ని కలిపి, ఆమెకు గొంతు తానే అయ్యాడు. పోయినేడు వానల్లో బండి జారి చనిపోయాడు. మిగిలింది ఐదేళ్ళ మరియా. ఇప్పుడా పిల్లను ఎవరు పెంచాలి? తల్లికి వినబడదు కాబట్టి ఆరోన్ తండ్రి ఆశీర్వాదం ఇంట్లో, దమ్మాయిగూడలో పెరగాలని సంఘ పెద్దలు తీర్మానించారు. ఒకప్పుడు అందరూ నాచారంలో చర్చి చుట్టూనే ఉండేవాళ్ళు. అద్దెలు పెరిగి ఒకరు చర్లపల్లికి, ఒకరు కీసర దారికి పోయాక, సంఘం పంచాయితీలన్నీ వీడియో కాల్‌లోనే జరుగుతున్నాయి. ఆ కాల్‌లో గ్రేస్ మొదటి నుంచి చివరిదాకా రెండు చేతులతో "వద్దు, నా బిడ్డను ఇవ్వను" అని చెబుతూనే ఉంది. ఒక్కరూ ఆగలేదు. అందరూ ఆమేన్ అన్నారు. కాల్ అయిపోయింది.

వారమంతా ఆమెను తొలిచేసింది తీర్మానం ఒక్కటే కాదు. వాళ్ళు తనను చూస్తూ చూస్తూ ఆ పని చేశారే అన్న బాధ. ఆమె ఫోన్‌లో అందరూ సమానమైన గడుల్లో ఉంటారు. ఆరోన్ బతికుండగా అలా పెట్టి ఇచ్చాడు, అందరి పెదవులూ ఒకేసారి కనబడాలని. ఆ గడుల చుట్టూ ఒక ఆకుపచ్చ గీత తిరుగుతూ ఉంటుంది. గీత ఎవరి చుట్టూ ఉంటే వాళ్ళు మాట్లాడుతున్నట్టు అని కూడా ఆయనే చెప్పాడు. ఆ రోజు ఆ గీత పాస్టరు విజయభాస్కర్ అయ్యగారి దగ్గర ఆగింది, మామ దగ్గర చాలాసేపు ఆగింది, చర్లపల్లి పెద్దాయన దగ్గర ఆగింది. తన గడి దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. మనుషులే రాకపోతే గీత ఎందుకు వస్తుందిలే అనుకుంది. ఎదురుగా అన్ని ముఖాలూ తనవైపే చూస్తున్నట్టు ఉన్నాయి. గోడకు చెప్పుకున్నా అంత అవమానం ఉండదు. గోడకు కళ్ళు లేవు కదా.

శనివారం సాయంత్రం ఆశీర్వాదం వచ్చాడు. చేతిలో కొత్త స్కూలు బ్యాగు, నీలం రంగుది.

ఈయన్ని దుర్మార్గుడనుకుని చదువుతున్నవాళ్ళు కొంచెం ఆగాలి. చర్లపల్లి ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద బతుకంతా పనిచేసి, ఆ మోతకు తన చెవులు కూడా సగం పోగొట్టుకున్నవాడు. అందుకే గట్టిగా మాట్లాడతాడు. కొడుకును మట్టి చేసిన రోజు నుంచి ఆయన భార్య శారదమ్మ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతోంది. మరియా పక్కన కూర్చున్న రోజునే నాలుగు ముద్దలు దిగుతాయి. ఆ నాలుగు ముద్దల కోసం ఆయన ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాడు. కోడలి కడుపు కొట్టడానికి వచ్చినవాడు కాడు. కానీ చేతిలో ఉన్నది మాత్రం ఆ బ్యాగే.

మరియా మేడ మీద ఇంటివాళ్ళ పిల్లలతో ఆడుకుంటోంది. పిల్లకు తాత వచ్చాడంటే శని, ఆదివారాలు దమ్మాయిగూడలో గడపడమని మాత్రమే తెలుసు. అంతకు మించి తెలియకూడదని గ్రేస్ పట్టుబట్టింది.

ఆశీర్వాదం బ్యాగును మంచం మీద పెట్టాడు. గ్రేస్ దాన్ని తీసుకెళ్ళి గడప అవతల పెట్టింది. మళ్ళీ లోపలికి వచ్చి ఆయన ఎదురుగా నిలబడి చేతులతో ఏదో అడిగింది. మధ్యలో బొటనవేలు ఎడమ చెంప మీద నొక్కి పట్టింది. పన్ను నొప్పేమో అనుకున్నాడాయన. ఇన్నేళ్ళలో కోడలు అలా చెంప నొక్కుకోవడం ఎన్నోసార్లు చూశాడు, ఒక్కసారి కూడా అదేమిటని కొడుకును అడగలేదు. తలుపు దగ్గరున్న కుర్చీని చూసి కూర్చోమంటోందేమో అని కూర్చున్నాడు కూడా.

గ్రేస్ గోడ మీద అరచేత్తో కొట్టింది. పక్క గదిలో ఉండేది తారామణి. ఇద్దరూ ఒకే కంపెనీలో ఒకే టేబుల్ దగ్గర పనిచేస్తారు. పని మీద అవసరమైన సైగలు, ఇంటి అవసరానికి మరికొన్ని, తారామణికి వచ్చు. పెద్ద మాటలు రావు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గ్రేస్ చేతుల వంక చూసి, మాటలు కూడదీసుకుని చెప్పింది.

"పెద్దయ్యా, ఈమె ఒక్కటే అడుగుతుంది. ఐతారం నాడు మీరందరు ఈమె దిక్కు సూసుకుంటనే ఆమేన్ ఎట్ల అన్నరు?"

ఆశీర్వాదం తారామణి వంక, కోడలి వంక మార్చి మార్చి చూశాడు.

"ఎవరు సూసిన్రమ్మా? కాల్ అయ్యేదాంక కండ్లల్ల వత్తులేసుకొని సూసిన. ఒక్కపారి గుడ కోడలి మొఖం కనవడలే. పేరు మాత్రం ఉన్నదని అయ్యగారు చెప్పిండు. మూగదైనా మొఖం సూపియ్యాలె గదా, కెమెరా బందు వెట్టి కూసున్నదంటే ఇష్టమే ఉన్నట్టు అనుకున్నం."

తారామణి ఆ మాటను చేతుల్లోకి మార్చడానికి చాలాసేపు పట్టింది. గ్రేస్ నమ్మలేదు. ఫోన్ తీసి చూపించింది: ఇదిగో ఇక్కడ మీరు, ఇక్కడ అయ్యగారు, ఇదిగో ఈ మూల నేను. నేను ఉన్నాను కదా. ఆశీర్వాదం తల అడ్డంగా ఊపి సంచిలోంచి ట్యాబ్ తీశాడు. ఆరోన్ కొనిచ్చినదే. అందులో ఇన్ని గడులు ఎప్పుడూ రావని, ఒక్క మనిషే పెద్దగా కనబడతాడని, మాట్లాడే మనిషి మారినప్పుడు బొమ్మ మారుతుందని చెప్పాడు. అందరికీ అలాగే కనబడుతుందని అనుకున్నాడు. ఈమె తన ఫోన్‌లో కనబడ్డట్టే అందరికీ కనబడుతుందనుకుంది. అద్దంలో ఎవరి ముఖం వాళ్ళకే కనబడుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ తెర విషయంలో పెద్దవాళ్ళంతా పొరబడ్డారు.

వాదన తేలేట్టు లేదని తారామణి ముగ్గురినీ ఒక కాల్‌లో కలిపింది. తన ఫోన్ పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. గ్రేస్ ఫోన్‌ను కిటికీలో నిలబెట్టి ఎదురుగా కూర్చుంది. ఆశీర్వాదం ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. తారామణి అటునుంచి హలో అనగానే ట్యాబ్ నిండా తారామణి. గ్రేస్ రెండు చేతులూ ఊపింది. ట్యాబ్ నిండా తారామణే. గ్రేస్ లేచి నిలబడి, మంచినీళ్ళ పంపు దగ్గర మనిషిని పిలిచినట్టు చేతులు పైకెత్తి పిలిచింది. తారామణి నోరు మూసుకుని ఊరుకుంది, అయినా బొమ్మ కదలలేదు. ఇంతలో తారామణి పొయ్యి మీద కుక్కరు కూసింది. ఆమె ఫోన్‌ను అటు తిప్పడంతో ట్యాబ్ నిండా పప్పు కుక్కరు ఊగుతూ కనబడింది. ఇవతల కోడలు ప్రాణం పెట్టి చేతులు ఊపుతోంది, మామ కుక్కరును చూస్తున్నాడు.

తారామణి పరుగున వచ్చి గ్రేస్ ఫోన్ అందుకుని చూసింది. మైకు మూసి ఉంది. గదిలో చప్పుళ్ళు ప్రార్థనకు అడ్డం రాకూడదని, ఆమెకు గొంతుతో పని లేదు కదా అని, ఆరోన్ ఎప్పుడో మూసి ఉంచాడు. పక్కన తనుండి తన ఫోన్‌లో మాట్లాడేవాడు కాబట్టి ఆయనకు అందులో తప్పేమీ తోచలేదు. తారామణి మైకు తెరిచి, ఫోన్‌ను మళ్ళీ కిటికీలో పెట్టి, చుట్టూ చూసి, గూట్లో ఉన్న స్టీలు పళ్ళెం తీసి గరిటెతో ఒక్క దెబ్బ కొట్టింది.

ట్యాబ్ నిండా గ్రేస్ ముఖం వచ్చింది.

అంత పెద్దగా కోడలి ముఖాన్ని ఆశీర్వాదం ఎన్నడూ చూడలేదు. కళ్ళ కింద నలుపు, ఎండిన పెదవులు, ఇంకా గాలిలో ఆగిపోయి ఉన్న రెండు చేతులు. పళ్ళెం మోత తగ్గినా కాసేపు ఉండి, తారామణి తన గదిలోకి వెళ్ళి తన ఫోన్‌లో నోరు తెరవగానే ఆ ముఖం పోయింది. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా? నోరు లేకపోతే పళ్ళెమైనా ఉండాలి.

గ్రేస్ ట్యాబ్ వంకా పళ్ళెం వంకా చూసింది. సంగతి అర్థమైంది. వాళ్ళు చూసి కాదనలేదు, అసలు చూడనే లేదు. వారం రోజులుగా గుండెలో పెట్టుకుని తిరిగిన కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఒక్కసారిగా జారిపోయింది. కోపం ఉన్నన్నాళ్ళూ అది ఆమెను నిలబెట్టింది. అది పోయేసరికి మంచం అంచు మీద కూలబడి ఏడ్చింది. ఆరోన్ పోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదు, ఆ రోజు ఒళ్ళో పిల్ల ఉంది.

ఆశీర్వాదం ట్యాబ్ పక్కన పెట్టాడు. ఆయన గొంతు మొదటిసారిగా తగ్గింది.

"మౌనం అర్ధాంగీకారం అన్నడు అయ్యగారు. నేను గుడ ఆమేన్ అన్న బిడ్డా. అందరికన్న గట్టిగ అన్న. మళ్ళొకపారి కాల్ పెట్టిస్త. పిల్లను ఇడిసిపెడ్తనని అంటలేను, మీ అత్తను సూస్తున్నవు గదా. గానీ నువ్వు చెప్పుకున్నంకనే ఏదైనా గావాలె."

గ్రేస్ ఒప్పుకుంది, ఒక షరతు పెట్టింది. ఆ కాల్‌లో మరియా ఉండకూడదు. కిరాణా కొట్లో, దవాఖానాలో, బస్సులో తల్లి సైగలకు మాట ఇచ్చేది ఆ పిల్లే. వచ్చీరాని మాటలప్పటి నుంచే ఆ పని చేస్తోంది. గ్రేస్ సైగలన్నీ పూర్తిగా తెలిసిన మనిషి ఈ భూమి మీద ఇక ఆ పిల్ల ఒక్కతే. అయినా సరే, "నిన్ను నా దగ్గర్నుంచి తీసుకుపోతారట" అన్న మాటను బిడ్డ నోటితో పలికించడం ఆమె వల్ల కాదు. తారామణి చెబితే చాలు. వచ్చినంత చెబుతుంది.

నీలం బ్యాగు గడప అవతలే ఉండిపోయింది. మరియా తాత వేలు పట్టుకుని దమ్మాయిగూడ వెళ్ళింది. వెళుతూ వెళుతూ బొటనవేలు తన చెంప మీద నొక్కి, తర్వాత తల్లి వైపు చూపించింది. నవ్వితే ఆ పిల్లకు ఎడమ చెంప మీద సొట్ట పడుతుంది. అది చూసే ఆరోన్ ఆ సైగనే పిల్లకు పేరుగా పెట్టాడు. చర్చిలో పెట్టిన పేరు పలకడానికి గ్రేస్‌కు నోరు లేదు, ఆమెకూ ఒక పేరుండాలి కదా పిల్లను పిలుచుకోవడానికి. బయటివాళ్ళ ముందు మాత్రం చెయ్యి నడుము ఎత్తున పెట్టి పిల్లను చూపిస్తుంది. తారామణికి తెలిసింది కూడా అంతే. చెంప మీది పేరు ఇంటిది, ముగ్గురి మధ్య ఉండేది. ఇప్పుడు ఇద్దరి మధ్య.

అయ్యగారిని ఒప్పించడం ఆశీర్వాదానికి తేలిక కాలేదు. నా తెర మీద అంతా సరిగ్గానే ఉందని ఆయన పట్టుబట్టాడు. ఆశీర్వాదం ఆయన్ని ఫోన్‌లోనే ఉంచి, ఎవరి తెర వాళ్ళదేనని, పళ్ళెం సంగతితో సహా చెప్పాడు. చివరికి అయ్యగారే కాల్‌లో అటూ ఇటూ నొక్కి చూసి ఒక దారి కనిపెట్టాడు. కాల్ నడిపే మనిషి తలుచుకుంటే ఒకరి గడిని అందరి తెరల మీదా పెద్దగా నిలబెట్టి ఉంచొచ్చట, ఎవరు మాట్లాడినా అది కదలదట. ఇన్నాళ్ళూ ఆ మీట ఆయన చేతి కిందే ఉంది. ఇంకొక మాట కూడా చెప్పాడు. ఇది సాక్ష్యం లాంటిది, ఆమె చేతులు చెప్పిందే తారామణి చెప్పాలి, సొంత మాట ఒక్కటి కలిపినా ఒప్పుకోనన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యి, భోజనాలయ్యాక పెద్దలు తెర మీదికి వచ్చారు. దమ్మాయిగూడలో శారదమ్మ మరియాను లోపలి గదిలో పడుకోబెట్టి తానూ పక్కన ఒరిగింది. ముందు గదిలో ఆశీర్వాదం ట్యాబ్ ముందు కూర్చున్నాడు. ఆయన చెవుల సంగతి మీకు తెలుసు. సౌండు చివరిదాకా పెంచుకున్నాడు.

ఉప్పల్‌లో గ్రేస్ ఉతికిన తెల్ల చీర కట్టుకుని కూర్చుంది. పక్కన తారామణి, మైకు తెరిచి ఉంది. అయ్యగారు ప్రార్థన చేసి, గ్రేస్ గడిని అందరి తెరల మీదా నిలబెట్టాడు. గ్రేస్ మాత్రం తన తెరను పాత పద్ధతిలోనే ఉంచుకుంది, అందరి పెదవులూ కనబడాలి కాబట్టి.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తారామణి ఒక్కొక్కటే పలికింది. పిల్లకు జ్వరమొస్తే వినబడదు, నిజమే. అందుకే చెయ్యి పిల్ల గుండె మీద పెట్టుకుని పడుకుంటుంది. దగ్గు మొదట ఆమె అరచేతికే తెలుస్తుంది. పిల్లకు మాటలు ఆరోన్ నేర్పాడు, ఆ మాటలు ఇప్పుడు ఇంటివాళ్ళ పిల్లలతో ఆడుకుంటూ పెరుగుతున్నాయి. అత్తకు అన్నం దిగడం లేదని తెలుసు. తనకూ దిగడం లేదు. వారం వారం పిల్లను పంపుతుంది. అత్తను తన దగ్గరికి రమ్మంటుంది, గది చిన్నదే, సర్దుకుంటారు.

ఏళ్ళ తరబడి ఒకే చర్చిలో ఆమె పక్క చాప మీద కూర్చున్నవాళ్ళు ఆ చేతులను మొదటిసారి చూస్తున్నారు. చర్లపల్లి పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరూ మధ్యలో మాట్లాడలేదు. ఆకుపచ్చ గీత గ్రేస్ గడి చుట్టూనే నిలిచి ఉంది. అది తారామణి గొంతు వల్లేనని ఆమెకు తెలుసు. తెలిసినా, ఆ గీత లోపల తన ముఖాన్ని చూసుకుంటే కడుపు నిండినట్టయింది.

ఆ నిండుతనంలో ఆమె ఎదుట ఎవరున్నారో మర్చిపోయింది. అసలు మాట చెప్పే సమయానికి చెయ్యి నడుము ఎత్తున పెట్టలేదు. బొటనవేలు చెంప మీద నొక్కింది, నొక్కి పట్టి ఉంచింది. తర్వాత రెండు చేతులతో ఎవరో లాక్కుపోతున్నట్టు, తర్వాత వద్దని, తర్వాత తన గుండె మీద పిడికిలి.

తారామణి ఆగింది.

"ఏమన్నదమ్మా?" అన్నాడు అయ్యగారు.

"తీస్కపోవద్దు అంటుంది అయ్యగారు. తీస్కపోతే నేను బతకను అంటుంది."

"ఎవరిని?"

అది అడగక్కరలేదని అందరికీ తెలుసు, అడిగినాయనకూ తెలుసు. కానీ మాట కలపొద్దని షరతు పెట్టింది తనే. తారామణి ఇచ్చిన మాట తప్పని మనిషి.

"ఆ సైగ నాకు ఎర్క లేదు అయ్యగారు. గదేందో నాకు ఎన్నడు చెప్పలే."

అప్పుడు గ్రేస్ తెర మీద ఆకుపచ్చ గీత ఆమె గడిని వదిలి ఆశీర్వాదం గడికి వెళ్ళింది. మామ ఏదో అంటున్నాడనుకుని ఆయన పెదవుల వంక చూసింది. అవి కదలడం లేదు. ఆయన భుజం వెనక, నిద్రలో చెదిరిన జుట్టుతో ఒక చిన్న తల ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. కదులుతున్నవి ఆ పెదవులు.

"అది నా పేరు తాతా. మా నాన్న పెట్టిండు."

ఆశీర్వాదం వెనక్కి తిరిగాడు. ఆయన చెయ్యి ట్యాబ్ మీదికి వెళ్ళి, దేన్ని నొక్కి ఆర్పాలో తెలియక గాలిలోనే ఆగింది.

"నన్ను యాడికి తీస్కపోతరు?"

ఆ మాట కీసర దారి నుంచి నాచారం దాకా అన్ని ఇళ్ళలోనూ వినబడింది. వినబడుతున్నప్పుడు గ్రేస్ తెర మీద తప్ప ఇంకెవరి తెర మీదా ఆ పిల్ల లేదు. అయ్యగారు నిలబెట్టిన గడి కదలకుండా అలాగే ఉంది. అందరి ఎదుటా, తెర నిండా, ఆ మాట వినలేని తల్లి ముఖమే ఉంది. కానీ ఆమె పెదవులు చదివింది. ఆ రెండు పెదవులూ ఎంత చిన్నగా ఉన్నా చదవగలదు.

గ్రేస్ చేతులు ఒళ్ళో పడిపోయాయి.

పిల్ల తాత భుజం పక్కనుంచి ముందుకు వచ్చి, ట్యాబ్‌కు ముఖం ఆనించేంత దగ్గరగా నిలబడి, ఈసారి తల్లినే అడిగింది. బొటనవేలు చెంప మీద నొక్కి, చెయ్యి బయటి గడప వైపు చూపించి, కనుబొమలు పైకెత్తింది. ఎత్తి అలాగే ఉంచింది, జవాబు వచ్చేదాకా దించనన్నట్టు.

పెద్దలంతా గ్రేస్ చేతుల వంకే చూస్తున్నారు. అవి ఒళ్ళోంచి లేవలేదు.